నాలుగో వక్త

ఆ ఎండకాలం నేను మా బాపును ఏడు గంటల పన్నెండు నిమిషాలు రికార్డు చేశాను.

అది ఎనభై ఎనిమిదో సంవత్సరం. హైదరాబాద్‌లో స్పానిష్‌లో ఎం.ఫిల్. చేస్తున్నాను. మా పేపర్లలో ఒకటి సామాజిక భాషాశాస్త్రం, ఇంకొకటి వృత్తుల భాష. డాక్టర్లు డాక్టర్లతో, కోర్టువాళ్లు కోర్టువాళ్లతో, గనిలో దిగేవాళ్లు గనిలో దిగేవాళ్లతో ఎట్లా మాట్లాడతారన్నది అందులోని చదువు. మా ఖుర్షీద్ మేడం స్పెయిన్‌లో అస్తూరియాస్ అనే బొగ్గుగనుల సీమ మీద వచ్చిన వ్యాసాలు నా ముందు పెట్టి, "నువ్వు మందమర్రి పిల్లవాడివి. వీళ్ల మాట, మీవాళ్ల మాట పక్కపక్కన పెట్టి రాయి బేటా. ఇది ఇంకెవ్వరూ రాయలేరు" అన్నారు.

ఇంకెవ్వరూ చేయలేరు అన్న మాట మా ఇంట్లో ఎవరి గురించీ ఎవరూ అని ఉండలేదు. డిపార్టుమెంటు టేప్ రికార్డర్ సంచిలో పెట్టుకొని ఫిబ్రవరి చివర్లో ఇంటికి వచ్చాను.

పక్క క్వార్టర్ లచ్చయ్య కాక గుమ్మంలోనే ఆపాడు. బొగ్గుబావిలో కప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టే పని ఆయనది.

"ఏం చదువుతున్నవ్‌ రా రాజలింగూ?"

"స్పానిష్ కాకా."

"స్పానరా? గదానికి హైదరాబాద్ దాక ఎందుకు పోయినవ్‌ రా, మన వర్క్‌షాపుల చెప్తే నేర్పకపోదురా!"

బాపు మొదటి షిఫ్టు చేసి మూడున్నరకు వచ్చాడు. ఎన్ని నీళ్లు పోసుకున్నా ఆయన కనురెప్పల అంచున బొగ్గు పోయేది కాదు. మంచం మీద కూర్చోబెట్టి మైకు ముందు పెట్టాను. బాపు అంగీ గుండీలన్నీ పెట్టుకొని, గొంతు సవరించుకొని, రేడియోలో వార్తలు చదివినట్టు మొదలుపెట్టాడు.

"అందరికి నమస్కారములు. నా పేరు పర్శరాములు. నేను బొగ్గుబావి యందు కార్మికునిగా పనిచేయుచున్నాను."

మా తమ్ముడు సమ్మయ్య నవ్వలేక గోడకు ఒరిగిపోయాడు. "బాపూ, యూనియన్ మీటింగ్ అనుకున్నవా ఏంది?"

రెండు రోజులు అట్లాగే పోయింది. దారి చూపించింది సమ్మయ్యే. రికార్డర్‌ను మంచం కింద పెట్టి తువాల కప్పమన్నాడు. "నువ్వు అడగకు అన్నా. నువ్వు అడిగితె బాపు పరేషానైతుండు. నేనడుగుత."

సమ్మయ్య నాకంటే నాలుగేళ్లు చిన్న. పదో తరగతి తర్వాత వాడే చదువు మానేశాడు. "అన్నను చదువుకోనీ, నాకు బావి ఉన్నది గద" అన్నాడు. బాపు ఊపిరితిత్తులు అప్పటికే పాడయ్యాయి. డాక్టర్ల బోర్డు చూసి, ఇక పనికి రాడని రాసిస్తే, ఇంట్లో ఒక కొడుక్కి అదే బావిలో కొలువు ఇస్తారు. దానికోసమే వాడు మూడేళ్లుగా ఏ పనిలోనూ కుదురుకోకుండా కనిపెట్టుకొని ఉన్నాడు. అందుకని వాడు అడిగే ప్రశ్నలు నా ప్రశ్నల లాంటివి కావు. వాడికి నిజంగా తెలుసుకోవాలని ఉండేది.

"బాపూ, కప్పు కూలేటట్టుంటె ముందుగాల ఎట్ల తెలుస్తది?"

"చెప్తది."

"ఎవలు?"

"కప్పే చెప్తది రా. ఇసుక రాలినట్టు సప్పుడైతది. దిమ్మె మూల్గుతది. ఇగ తట్ట గిట్ట చూడొద్దు, ఎనకకు మర్రి చూడొద్దు. ఉర్కుడే."

"పక్కపొంటి లచ్చయ్య కాక ఉంటె?"

"'భాగో' అని ఒక్కటే మాట. పేరు పిలుసుడు ఉండది. పేరు పిలిచేంత టైం ఏడుంటది?"

సమ్మయ్య కాసేపు ఏమీ అనలేదు. టేపులో ఆ నిశ్శబ్దం కూడా ఉంది. తర్వాత, "భాగో" అని చిన్నగా, తనకు తాను చెప్పుకున్నట్టు అన్నాడు.

నేను పక్కన కూర్చొని నోటుపుస్తకంలో రాసుకునేవాడిని: ఇంకే ఉర్దూ ముక్క రానివాడు కూడా ప్రమాదంలో పరుగెత్తమని ఉర్దూలోనే అరుస్తాడు. బొగ్గు కొట్టేవాణ్ని అస్తూరియాస్‌లో పికదోర్ అంటారనీ, మంటలు లేపే గాలిని గ్రిసూ అంటారనీ బాపుకు చెప్పాను. ఆ రెండో మాట బాపుకు నచ్చింది. మర్నాడు లోపల గాలీ కప్పూ పరీక్షించే సర్దారును ఆపి, "సర్దార్ సాబ్, గ్రిసూ ఉన్నదేమో జర చూడుండ్రి" అన్నాడట. ఏం మాట రా గది అంటే, "స్పెయిన్ దేశపు మాట. మా పెద్దోడు చెప్పిండు" అన్నాడట. వారం రోజులు బాపును అందరూ గ్రిసూ అనే పిలిచారు.

మార్చిలో బోర్డు బాపును అన్‌ఫిట్ అని రాసింది. ఆఫీసులో కాగితాలు పూర్తయ్యేదాకా పైన తేలిక పని చూపించారు. జూన్ చివరికి సమ్మయ్యకు ఆర్డర్ వస్తుందన్నారు.

ఆ సంబరానికే ఖానాపూర్ నుంచి పెదనాయిన వచ్చాడు. గుమ్మంలోంచే బాపును, "ఏం రా బాలీ!" అని కేక వేశాడు.

ఆ కేకతో బాపు మాట మారిపోయింది. నేను అంతకుముందు ఎన్నోసార్లు చూశాను గానీ ఎన్నడూ వినలేదు. టేపు వెనక్కి తిప్పి విన్నాకే తెలిసింది. బావి సంగతులు చెప్పేటప్పుడు బాపు మాటలు పొట్టిగా, తెగ్గొట్టినట్టు ఉంటాయి. సగం ఉర్దూ, సగం ఇంగ్లీషు. పెదనాయినతో మాట్లాడేటప్పుడు సాగదీసి, నెమ్మదిగా, ఖానాపూర్ వైపు మరాఠీ కలిసిన తెలుగు. ఇద్దరు మనుషులు మాట్లాడినట్టే ఉంది.

నిజానికి ఇద్దరు మనుషులే. అసలు పర్శరాములు మా పెదనాయిన. అరవై ఒకటిలో బావిలో పని దొరికింది ఆయనకే. ఒక్క షిఫ్టు దిగి, పైకి వచ్చి, వాంతి చేసుకొని, చచ్చినా మళ్లీ దిగనన్నాడట. మర్నాడు పొద్దున ఆయన కొలువు చిట్టీ పట్టుకొని తమ్ముడు బాలమల్లు పోయి నిలబడ్డాడు. మస్టర్‌లో హాజరు రాసేవాడు చిట్టీ చూశాడు గానీ మొహం చూడలేదు. అప్పటినుంచి మా బాపు బావి మీద పర్శరాములు. కాలనీ బడిలో మమ్మల్ని కూడా పర్శరాములు కొడుకులనే రాయించారు. నా సర్టిఫికెట్లన్నింటి మీదా తండ్రి పేరు మా పెదనాయినదే. ఇట్లాంటి ఇళ్లు మా క్వార్టర్ల లైన్‌లో ఇంకా ఉన్నాయి. అది దాచే సంగతీ కాదు, చెప్పుకునే సంగతీ కాదు.

"నా పేరు ఇరవై ఏడేండ్లు వాడుకున్నవ్‌ రా బాలీ," అన్నాడు పెదనాయిన, అన్నంలో పప్పు కలుపుకుంటూ.

"వాడుకుంటె వాడుకున్న. నీ పేరును ఒక్కనాడన్న నాగా పెట్టిన్నా?" అన్నాడు బాపు.

వడ్డిస్తున్న అవ్వ, మా అమ్మ, నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. సమ్మయ్య, "అయితె పెదనాయినా, నాకు నౌకరి ఇచ్చేది నువ్వా బాపా?" అన్నాడు. ఆ టేపు చివర అంతా నవ్వులే.

హైదరాబాద్ వెళ్లి మేడంకు ఆ టేపు వినిపించాను. ఆవిడ రెండుసార్లు విన్నారు. "ఇదే నీ మూడో అధ్యాయం. పేరుతోపాటు మనిషి మాట మారడం. నువ్వు రికార్డు చేసిన ఏడుగురు వక్తల్లో ఇతను ఒక్కడు చాలు" అన్నారు. తర్వాత జాగ్రత్తలు చెప్పారు. పేరు రాయవద్దు, అంకె వేయాలి; అట్లా బాపు నాలుగో వక్త అయ్యాడు. ఎప్పుడు పనిలో చేరాడో, ఎట్లా చేరాడో రాయాలి. లేకపోతే వాదన నిలబడదు. వక్త పరిశోధకుడికి బంధువైతే ఆ సంగతి ముందుమాటలో చెప్పాలి. అది దాచడం మోసం. ఒక్క వివరం కల్పించినా సిద్ధాంతవ్యాసం రద్దవుతుంది.

నేను నియమం అంటే నియమం అనుకునేవాణ్ని. మా ఇంట్లో నియమాలు తెలిసిన మొదటివాణ్ని నేనే. అయినా ఇంటికి వచ్చి బాపును అడిగాను.

"పేరు రాయను బాపూ. కని పెదనాయిన పేరు మీద పనికి ఎక్కిన ముచ్చట రాయాలె."

"ఏ భాషల రాస్తున్నవ్‌ రా?"

"స్పానిష్‌ల."

"గది మన దిక్కు ఎవలకొస్తది?"

"ఎవలకు రాదు."

"అయితె నాకేం ఫికర్. రాయి."

ఏప్రిల్ అంతా రాశాను. మే రెండో వారంలో టైపు చేయించి, బైండు చేయించి, యూనివర్సిటీలో ఇచ్చాను. బావి మీద టేపు పట్టుకొని తిరగడానికి అంతకుముందు కంపెనీ పై ఆఫీసు నాకొక అనుమతి లెటర్ ఇచ్చింది. దాని అడుగున ఒక వాక్యం ఉంది: పరిశోధన పూర్తయిన పిదప ఒక ప్రతిని సమర్పించవలెను.

అట్లాంటి వాక్యాలు ఎవరూ పట్టించుకోరు. నేను పట్టించుకున్నాను. పైగా, వట్టి స్పానిష్ ప్రతి ఇస్తే వాళ్లకేం అర్థమవుతుందని, ముందుమాటదీ అధ్యాయాలదీ సారాంశం నాలుగు పేజీలు ఇంగ్లీషులో రాసి ముందు కుట్టించాను. ఆ నాలుగు పేజీలు నన్నెవరూ అడగలేదు.

బావి ఆఫీసులో క్లర్కు ముష్తాక్ సాబ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అరే రాజలింగ్, పదిహేనేండ్ల సంది గీ కుర్చీల కూసున్న. కాలేజీ పోరగాండ్లు మస్తుమంది పర్మిషన్ తీస్కపోయిండ్రు. కాపీ తెచ్చినోన్ని నిన్నొక్కన్నే చూస్తున్న. షాబాష్!"

"లెటర్‌ల రాసి ఉన్నది గదా సాబ్."

"ఉంటది, ఉంటది. రాసినయన్ని జేస్తమా?" నవ్వి, ముద్ర కొట్టి, నంబర్ వేశాడు. "పర్మిషన్ ఇచ్చింది పై ఆఫీసోల్లు. ఆడికే పంపుత."

ఆ ముద్ర చప్పుడు నాకు ఎంతో గౌరవంగా వినిపించింది. ఎండలో ఇంటిదాకా నడిచి వస్తూ, మంచి పని చేశానని అనుకున్నాను.

జూన్‌లో ఒక మధ్యాహ్నం ముష్తాక్ సాబ్ తానే మా క్వార్టర్‌కు వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. అవ్వ నీళ్లిస్తే తాగలేదు.

"ఏం రాసినవ్‌ రా?" అన్నాడు నాతో. "నాలుగో నంబరోడు అన్న పేరు మీద పనిచేస్తుండు అని ఒక పేజీల రాసినవట. నాలుగో నంబరోడు మా బాపే అని ఇంకో పేజీల రాసినవట. పైకెల్లి మెమో వచ్చింది. విచారించి జవాబు రాయాల్నట."

విడివిడిగా చూస్తే ఒక్కో వాక్యం నియమం ప్రకారమే ఉంది. రెండూ కలిపితే మా బాపు అవుతాడని నాకు తట్టలేదు.

"గీ సంగతి అందరికి తెల్సు," ముష్తాక్ సాబ్ గొంతు తగ్గింది. "నాకు తెల్సు. మా ఆఫీసర్ దయాకర్‌రావు సారుకు తెల్సు. కని కాయితం మీద లేకుండె. నువ్వు తెచ్చి, నాతోని ముద్ర ఏయించినవ్."

సమ్మయ్య గడపలో నిలబడి విన్నాడు. నావైపు చూడలేదు. "నా ఆర్డర్ ఆగుతదా సాబ్?" అని అడిగాడు.

"సోమవారం మీ బాపును, అన్నను రమ్మన్నరు. చూద్దాం బేటా."

సోమవారం దయాకర్‌రావు సారు తన గదిలో మా ఇద్దరినీ కూర్చోమన్నాడు. ఉద్యోగుల కాగితాలు చూసే ఆఫీసరు ఆయన. బాపు కూర్చోలేదు. అన్నేళ్లలో ఆ గదిలో ఎన్నడూ కూర్చోలేదు. పక్క బల్ల దగ్గర ముష్తాక్ సాబ్ రాయడానికి సిద్ధంగా ఉన్నాడు.

సారు నా పుస్తకం తెరిచి నావైపు తిప్పాడు. "గీ భాష ఈ చుట్టుపక్కల నీకొక్కనికే వస్తదట. గీ పేజీల ఏమున్నదో చదివి చెప్పు."

నా ఇంగ్లీషు సారాంశంలో ఇచ్చిన పేజీ నంబరు పట్టుకొని ఎర్ర పెన్సిలుతో గీత గీసిన పేరా అది. చదివాను. ముందు స్పానిష్‌లోనే చదివాను, పరీక్షలో చదివినట్టు. తలెత్తితే బాపు నన్నే చూస్తున్నాడు. నేను ఆ భాష మాట్లాడగా బాపు వినడం అదే మొదటిసారి. తను ఎందుకు వచ్చాడో ఆ ఒక్క నిమిషం మరిచిపోయినట్టు, మొహమంతా వెలిగిపోయి ఉంది.

"ఇప్పుడు తెలుగుల," అన్నాడు సారు.

నేను పేరా మీద వేలు పెట్టుకొని మళ్లీ మొదటి వాక్యం దగ్గరికి వెళ్లాను.

సారు కాసేపు చూసి కళ్లద్దాలు తీశాడు. "నేనే చెప్త విను. పుస్తకం మంచిగ రావాల్నని నువ్వు కల్పించి రాసుకున్న ముచ్చట ఇది. అవునా? నాలుగో వక్త అన్నోడు లేడు, నేనే ఊహించి రాసిన అని రాసిచ్చి సంతకం పెట్టు. నేను పైకి పంపుత, ఫైల్ మూస్త. నెలాఖరుకు నీ తమ్మునికి ఆర్డర్ ఇస్త." తెల్లకాగితం, పెన్ను నా ముందుకు జరిపాడు. "ఒక కాపీ మీ యూనివర్సిటీకి పోతది."

"యూనివర్సిటీకి ఎందుకు సార్?"

నేను మొదట అడిగింది అదే. దానికన్నా ముందు అడగవలసినవి చాలా ఉన్నాయి.

"పర్మిషన్ అడిగిందాంట్ల వాళ్ల సంతకం కూడ ఉన్నది గద."

నా వైవా జూలై నాలుగున. కాగితం పైన తేదీ వేశాను. మందమర్రి అని రాశాను. గౌరవనీయులైన అని రాశాను. అక్కడ ఆగింది నా చెయ్యి. ఫ్యాన్ తిరుగుతోంది. ముష్తాక్ సాబ్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. బాపుకు చదవడం రాదు. కానీ కాగితం మీద ఒకటిన్నర వరసే ఉందని, చెయ్యి కదలడం లేదని కనిపిస్తూనే ఉంటుంది.

"సారూ," అన్నాడు బాపు. "మావోడు అబద్ధం రాయలే."

"నువ్వు నడుమ మాట్లాడకు పర్శరాములూ. రాయనియ్యి."

"నా పేరు బాలమల్లు సారూ."

సారు కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. నావైపు ఒకసారి చూశాడు. నేను పెన్ను కింద పెట్టి ఉన్నాను. ఎప్పుడు పెట్టానో నాకు తెలియదు.

"రాసుకో ముష్తాక్," అన్నాడు.

బయటికి వచ్చాక ఎండలో బాపు దగ్గు ఆగేదాకా నిలబడ్డాడు. "ఆ భాష మంచిగున్నది రా," అన్నాడు. "జల్ది జల్ది మాట్లాడుతరు."

ఇంట్లో బాపు చెప్పింది ఒక్కటే: "సారు మంచోడే. పైకెల్లి వచ్చినంక ఆయనేం జేస్తడు."

మస్టర్‌లో పర్శరాములు పేరు కొట్టేశారు. ఆ పేరుతో వచ్చిన అన్‌ఫిట్ కాగితం, ఆ కాగితంతో రావలసిన కొలువు రెండూ పోయాయి. జూలై నెలాఖరుకు క్వార్టర్ ఖాళీ చేయాలన్నారు. లచ్చయ్య కాక, లైన్‌లో ఇంకొందరు మా గుమ్మం ముందు నుంచి పోవడం మానేశారు. వాళ్లకు కోపం లేదు, భయం. నా పుస్తకంలో ఇంకా ఎవరెవరున్నారోనని.

వైవాకు బయల్దేరే రోజు అవ్వ నాకు ఒక్కడికే అన్నం పెట్టింది. "తిను. పరీచ్చ గద," అంది. సమ్మయ్య వాకిట్లో మంచాల తాళ్లు విప్పుతున్నాడు, బండిలో వేసుకుపోవడానికి.

బయటినుంచి వచ్చిన పరీక్షకుడు మూడో అధ్యాయాన్ని చాలా మెచ్చుకున్నాడు. నాలుగో వక్త ఇంకా అదే గనిలో ఉన్నాడా అని అడిగాడు. లేడు, సొంతూరికి వెళ్లిపోయాడని చెప్పాను. ఖుర్షీద్ మేడంకు ఏదో అర్థమైంది. బయటికి వచ్చాక నా భుజం మీద చెయ్యి వేశారు. నాకు డిగ్రీ వచ్చింది.

అవ్వ, బాపు ఖానాపూర్‌లో పెదనాయిన దగ్గరికి చేరారు. సమ్మయ్య పోలేదు. కాగజ్‌నగర్‌లో వెదురు లారీలు దించే ఒక కాంట్రాక్టర్ మనుషులు కావాలంటున్నాడని విని అటు బయల్దేరాడు. ముసురు పట్టిన రోజు. వాడి సంచి పట్టుకొని నేను బస్టాండు దాకా వెళ్లాను. దారిలో వాడు వానల గురించి, లారీల గురించి మాట్లాడాడు. బస్సు వచ్చి నిలిచాక సంచి తీసుకోవడానికి చెయ్యి చాపి, అట్లాగే ఆగాడు.

"అన్నా, ఒక్కటడుగుత. నిజం చెప్తవా?"

"అడుగు."

"సారు రాసియ్యమన్నంక, బాపు మాట్లాడెదాక... నడుమ ఎంతసేపున్నది?"

కండక్టర్ కాగజ్‌నగర్, కాగజ్‌నగర్ అని అరుస్తున్నాడు.

"నడుమ ఏం లేదు," అన్నాను. "సారు అనంగనే బాపు అన్నడు. నాకు టైం చిక్కలే."

సమ్మయ్య నా మొహం చూశాడు. "అట్లనా" అని తలూపాడు. సంచి తీసుకొని బస్సెక్కాడు. నేను నిలబడ్డ వైపు కిటికీ దగ్గర చోటు ఉంది. దాన్ని దాటుకొని వెళ్లి అవతలి వరుసలో కూర్చున్నాడు.